సిటీకి తాగునీళ్లిచ్చే పాత డ్యామ్: తరచుగా అడిగే ప్రశ్నలు

డ్యామ్ మెయింటెనెన్స్ పనిలో కొన్నేళ్లు తిరిగినవాణ్ణి కాబట్టి వానలు మొదలవగానే తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. కొన్నిటికి జవాబు పొడుగైంది, ఎందుకంటే అవి తేలిగ్గా తీసేసే విషయాలు కావు, జనం ప్రాణాలతో ముడిపడినవి.

డ్యామ్‌కి వందేళ్లు దాటాయంటే ఇక దాని పని అయిపోయినట్టేనా?

కాదండి. వయసు ఒక్కటే చూసి ఏదీ చెప్పలేం. స్పెయిన్‌లో మెరిడా ఊరి దగ్గర రోమన్ల కాలంలో కట్టిన ప్రొసెర్పినా డ్యామ్ ఇప్పటికీ నిలబడే ఉంది, అదే లాస్ ఏంజెలెస్ సిటీకి నీళ్ల కోసం కట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ రెండేళ్లు కూడా బతకలేదు, 1928 మార్చి 12 అర్ధరాత్రికి కాస్త ముందు కూలి 400 మందికి పైగా చనిపోయారు. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ దగ్గర డేల్ డైక్ అయితే 1864లో మొదటిసారి నింపుతుండగానే తెగింది. నిజానికి డ్యామ్‌కి మొదటిసారి నీళ్లు నింపేటప్పుడే గండం ఎక్కువ.

మరి వయసుతో వచ్చే ఇబ్బంది ఏంటంటే, సున్నం కరిగిపోతుంది, డ్రైన్లు పూడుకుపోతాయి, గేట్ల ఇనుము తుప్పు పడుతుంది, కట్టినప్పటి డ్రాయింగులు ఎక్కడో పోతాయి, ఏ రాయి కింద ఏముందో తెలిసినవాళ్లు రిటైరైపోతారు. వీటిలో ఏ ఒక్కటీ ఒక్కరోజులో డ్యామ్‌ని కూల్చదు, కానీ ఎవరూ చూడకపోతే అన్నీ కలిసి ఒకే వరద రోజున బయటపడతాయి.

గోడ మీద తెల్లటి చారలు దిగుతున్నాయి, డ్యామ్ కరిగిపోతోందా?

కొంచెం కరుగుతున్న మాట నిజమే. రాళ్ల మధ్య సున్నం గార వాడిన పాత కట్టడాల్లో ఊట నీరు ఆ సున్నాన్ని నెమ్మదిగా కరిగించుకుంటూ బయటికొస్తుంది, గాలి తగిలి అక్కడే తెల్లగా గడ్డకడుతుంది. చారలు ఉన్నాయంటే రేపే కూలుతుందని కాదు, కానీ ఆ దారిలో నీళ్లు వస్తున్నాయని అర్థం, ఏటేటా పెరుగుతుంటే లోపల ఖాళీలు పెరుగుతున్నట్టే. దానికి గ్రౌటింగ్ చేస్తారు, అంటే పైనుంచి బోర్లు వేసి సిమెంట్ పాలు ఒత్తిడితో లోపలికి పంపి ఆ ఖాళీలు నింపుతారు.

నాకు చారలకన్నా భయం వేసేది డ్రైన్ హోల్స్ సంగతి. డ్యామ్ లోపల గ్యాలరీ అని సొరంగంలాంటి దారి ఉంటుంది, అందులో నుంచి పునాదిలోకి బోర్లు వేసి ఉంటాయి, పునాది కిందకి చేరిన నీళ్లు ఒత్తిడి పెంచకుండా వాటి ద్వారా బయటికి రావాలి. కింది నుంచి డ్యామ్‌ని పైకి లేపే ఆ ఒత్తిడినే అప్‌లిఫ్ట్ అంటారు, దానివల్ల డ్యామ్ బరువు కొంత చెల్లిపోయినట్టు అవుతుంది, బరువు మీదే నిలబడే కట్టడానికి అంతకంటే నష్టం ఏముంటుంది. 1895లో ఫ్రాన్స్‌లో బూజే డ్యామ్ కూలాకే ఇంజినీర్లు ఈ లెక్కని గట్టిగా పట్టించుకోవడం మొదలైంది, అంటే అంతకుముందు డిజైన్ చేసిన రాతి డ్యాముల్లో చాలావాటికి ఈ లెక్కే వెయ్యలేదు. ఇప్పుడు ఆ తెల్ల సున్నమే డ్రైన్ హోల్స్‌లో గడ్డకట్టి మూసేస్తే ఏమవుతుందో ఊహించండి. అందుకే వాటిని ఎప్పటికప్పుడు రీమింగ్ చేసి, అంటే మళ్లీ తొలిచి, శుభ్రం చెయ్యాలి. పైకి ఏ మార్పూ కనిపించని పని కాబట్టి వాయిదా పడేవాటిలో ఇదే ముందుంటుంది.

కట్ట కింద నీళ్లు ఊరుతున్నాయి. లీకేజీ ఉంటే ప్రమాదమేనా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. అస్సలు ఊట లేని డ్యామ్ ఉండదు. చూడాల్సినవి మూడు: ఎంత వస్తోంది, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏంటి, నీళ్లు తేటగా ఉన్నాయా మట్టిగా ఉన్నాయా.

ఎంత వస్తోందో కొలవడానికి ఊట కాలవకి అడ్డంగా వి-నాచ్ పెడతారు, వి ఆకారంలో కోసిన రేకు. 90 డిగ్రీల నాచ్‌లో నీళ్ల ఎత్తు 5 సెంటీమీటర్లు ఉంటే సెకనుకి దాదాపు ముప్పావు లీటరు పోతున్నట్టు, అదే 10 సెంటీమీటర్లు అయితే సుమారు 4.4 లీటర్లు. చూశారా, ఎత్తు రెట్టింపు అయితే నీళ్లు అయిదున్నర రెట్లకు పైగా పెరిగాయి, అందుకే స్కేల్ మీద ఒక్క సెంటీమీటర్ తేడాని కూడా చిన్నదిగా చూడకూడదు. రీడింగ్ పక్కనే ఆ రోజు రిజర్వాయర్ మట్టం ఎంత, వాన పడిందా అనేది కూడా రాయాలి, లేకపోతే పదేళ్ల రిజిస్టర్ ఉన్నా అది ఏమీ చెప్పదు. మట్టం పెరిగితే ఊట పెరగడం మామూలే, మట్టం అంతే ఉండి ఊట పెరిగితే అది మామూలు కాదు.

మట్టి సంగతి ఇంకా ముఖ్యం. ఊట నీళ్లు బురదగా వస్తున్నాయంటే కట్టలోని మట్టిని లోపల్నుంచి మోసుకొస్తున్నాయని అర్థం, దారి వెడల్పయ్యే కొద్దీ నీళ్లు పెరుగుతాయి, నీళ్లు పెరిగే కొద్దీ దారి వెడల్పవుతుంది, మనవాళ్లు బుంగ పడిందని అనేది దీన్నే. అమెరికాలో టీటన్ డ్యామ్ దగ్గర 1976 జూన్ 5 పొద్దున ఏడున్నర ప్రాంతంలో బురద ఊట చూశారు, మధ్యాహ్నం 12 కొట్టకముందే 90 మీటర్లకు పైగా ఎత్తున్న కట్ట తెగిపోయింది. నాలుగైదు గంటలు, అంతే. మేం సీసాలో ఊట నీళ్లు పట్టి, తేదీ రాసి, కిటికీ దగ్గర పెట్టేవాళ్లం, మర్నాటికి అడుగున మట్టి పేరుకుందో లేదో తెలిసిపోతుంది. ఇంతకన్నా తేలికైన పరీక్ష నాకు తెలీదు.

ఎప్పుడూ వచ్చే ఊట ఉన్నట్టుండి ఆగిపోయిందంటే సంతోషపడకండి, లోపల డ్రైన్ మూసుకుపోయి ఒత్తిడి పెరుగుతూ ఉండొచ్చు. దాన్ని పీజోమీటర్ (కట్ట లోపలి నీటి ఒత్తిడిని కొలిచే గొట్టం) రీడింగుతో కలిపి చూడాలి.

మట్టికట్ట మీద పచ్చగా ఉన్న చెట్లు ఎందుకు కొట్టేస్తారు?

చెట్లంటే నాకూ ఇష్టమే, కానీ కట్ట మీద మాత్రం వద్దు. వేళ్లు లోతుకి పోతాయి, చెట్టు చచ్చాక వేళ్లు కుళ్లి గొట్టాల్లాంటి దారులు మిగులుతాయి, గాలివానకి చెట్టు కూలితే వేళ్లతో పాటు కట్ట ముక్కే లేచొస్తుంది. పొదలు పెరిగితే పగుళ్లూ ఊటా కనపడవు, ఎలుకలూ పందికొక్కులూ బొరియలు చేస్తాయి. పొట్టి గడ్డి ఉంటే చాలు. అప్పటికే మానైపోయిన చెట్టుని మాత్రం ఇంజినీర్‌ని అడక్కుండా కొట్టెయ్యకండి, వేళ్లు తీసి ఆ గుంటని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చాలి.

గేట్లు ఎప్పుడో వరదొస్తేనే కదా ఎత్తేది, వాటికి అంత మెయింటెనెన్స్ దేనికి?

ఎప్పుడో ఒకసారి వాడతాం కాబట్టే. రోజూ వాడే మిషన్ పాడైతే ఆ రోజే తెలుస్తుంది, గేట్ పాడైతే వరద రోజున తెలుస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 19వ నంబర్ గేట్ చైన్ తెగి గేటే కొట్టుకుపోయింది, 70 ఏళ్ల డ్యామ్, నిండుగా ఉంది. ఆ ఒక్క ఖాళీ మీద భారం తగ్గించడానికి మిగతా గేట్లు ఎత్తి దాచుకున్న నీళ్లు వదిలెయ్యాల్సి వచ్చింది, చివరికి గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో ప్రవాహం పారుతుండగానే స్టాప్‌లాగ్ పలకలు, అంటే ఖాళీకి అడ్డంగా దించే పలకలు, ఒక్కొక్కటీ దించి మూశారు. ఆ పని చేసిన వర్కర్లందరికీ చేతులెత్తి దండం పెట్టాలి.

అమెరికాలో 1995లో ఫోల్సమ్ డ్యామ్ దగ్గర రేడియల్ గేట్ (ఉక్కు చేతుల ఆసరాతో ఇరుసు మీద తిరిగే గేట్) ఒకటి ఎత్తుతుండగా విరిగిపోయింది, కారణం చూస్తే గేట్ తిరిగే ఇరుసు దగ్గర తుప్పు వల్ల రాపిడి పెరిగి పక్క చేతుల మీద భారం పడింది. అంటే ఆ ఇరుసుకి పట్టే గ్రీజు కూడా డ్యామ్ సేఫ్టీలో భాగమే. వైర్ రోప్‌లో తెగిన పోగులు లెక్కపెట్టాలి, రబ్బర్ సీల్ మార్చాలి, కరెంటు పోతే జనరేటర్ నిజంగా లోడ్ మీద నడుస్తుందో లేదో చూడాలి (ఊరికే స్టార్ట్ చేసి ఆపెయ్యడం పరీక్ష కాదు), చేత్తో తిప్పే ఏర్పాటు ఉంటే దాంతో గేట్ ఎత్తడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి నిజంగా తిప్పి చూడాలి. స్టాప్‌లాగ్‌లు షెడ్డులో ఉన్నాయంటే సరిపోదు, అవి గేట్ ముందుండే గాడిలో దిగుతాయా అని వానాకాలం ముందే దించి చూడాలి. పాత డ్యాముల్లో అసలు స్టాప్‌లాగ్ గాడే పెట్టనివి కూడా ఉంటాయి, మీ డ్యామ్ అలాంటిదైతే అది ముందు తెలుసుకోవాల్సిన విషయం.

స్పిల్‌వే (ఎక్కువైన నీళ్లు పోయే దారి, అలుగు) కాంక్రీట్‌లో సన్న పగుళ్లే కదా, ఏమవుతుంది?

2017 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర ఏమైందో చూస్తే మళ్లీ ఈ మాట అనరు. 1968లో వాడుకలోకి వచ్చిన డ్యామ్. పలకల మధ్య పగుళ్లలోంచి, జాయింట్లలోంచి వేగంగా పారే నీళ్లు కిందకి దూరి, పలకని కింది నుంచి ఎత్తేశాయి, ఒక పలక లేచాక కింద రాయి కోసుకుపోయి పెద్ద గొయ్యి పడింది. తర్వాత ఎమర్జెన్సీ స్పిల్‌వే మీదుగా నీళ్లు పొర్లి అక్కడ నేల కూడా కోతకి గురయ్యేసరికి దాదాపు 1,88,000 మందిని ఖాళీ చేయించారు. డ్యామ్ నిలిచింది. 2019 ఆగస్టులో ఇంగ్లండ్‌లో టాడ్‌బ్రూక్ రిజర్వాయర్‌దీ ఇలాంటి కథే, స్పిల్‌వే పలకలు కూలి కింది మట్టి కోసుకుపోతుంటే హెలికాప్టర్‌తో కంకర బస్తాలు వేసి ఆపారు. కాబట్టి జాయింట్లు సీల్ చెయ్యడం, పలకల కింద డ్రైన్లు పనిచేస్తున్నాయా చూడటం, సుత్తితో కొట్టి డొల్ల శబ్దం వచ్చినచోట మార్క్ చెయ్యడం, ఇవన్నీ నీళ్లు లేని రోజుల్లో చేసుకోవాల్సిన పనులు.

మా డ్యామ్‌ని "వందేళ్ల వరద"కి డిజైన్ చేశారట, అంటే వందేళ్లకి ఒకసారే కదా వచ్చేది?

ఆ పేరే జనాన్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఏ సంవత్సరమైనా 100లో 1 వంతు అవకాశం అని దాని అర్థం. ఆ లెక్కన 50 ఏళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం దాదాపు 40 శాతం, 100 ఏళ్లలో 63 శాతం. వరసగా రెండేళ్లు కూడా రావొచ్చు. అందుకే కింద ఊళ్లున్న పెద్ద డ్యాములకి ఇప్పుడు పీఎంఎఫ్ అని, ఆ ప్రాంతంలో రాగలిగే అతి పెద్ద వరదని లెక్కగట్టి చూస్తారు.

పాత డ్యామ్ కట్టేటప్పుడు వాళ్ల దగ్గర ఉన్నది కొద్ది ఏళ్ల వర్షపాతం రికార్డే, ఇప్పుడు పైన పొలాలు పోయి ఇళ్లూ రోడ్లూ వచ్చాయి, అదే వాన పడినా నీళ్లు ఇంకకుండా గంటల్లో వచ్చి చేరుతున్నాయి. స్పిల్‌వే మాత్రం అదే. కాంక్రీట్ డ్యామ్ మీదుగా కాసేపు నీళ్లు పొర్లినా తట్టుకోవచ్చేమో గానీ మట్టికట్ట మీదుగా పొర్లితే కోసుకుపోతుంది, 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్చు-2 అలాగే పోయింది, మోర్బీ పట్టణం మునిగింది. ఇంకో విషయం, మీ డ్యామ్ ఒక్కదాని లెక్క చూస్తే చాలదు, పైన ఇంకో డ్యామ్ ఉంటే అదీ చూడాలి. 1961 జూలై 12న పుణె పైన కడుతున్న పాన్‌శెత్ డ్యామ్ తెగి, ఆ నీళ్లొచ్చి అప్పటికే 80 ఏళ్లున్న ఖడక్‌వాస్లా రాతి డ్యామ్‌ని కూడా పడగొట్టాయి. ఆ పాత డ్యామే ఊరికి నీళ్లిచ్చేది.

ఎండాకాలంలో నీళ్లు చాలట్లేదు, ఇంకో మూడు మీటర్లు ఎక్కువ నిలిపితే పోలా?

పోదండి. నీళ్ల తోపుడు లోతుతో సమానంగా పెరగదు. 30 మీటర్ల లోతున నీళ్లుంటే మీటర్ పొడవు గోడ మీద సుమారు 450 టన్నుల తోపుడు పడుతుంది, 33 మీటర్లు చేస్తే అది 545 టన్నుల దాకా వెళ్తుంది, గోడని పడదోసే శక్తి అయితే మూడో వంతు పెరుగుతుంది. పది శాతం నీటిమట్టానికి ఇంత. అలుగు మీద ఇసుక బస్తాలూ చెక్కలూ పెట్టి నిలపడం ఇంకా ఘోరం, ఎందుకంటే వరద పోయే దారినే మూసేస్తున్నాం.

రిపేర్ కోసం ఒకసారి మొత్తం ఖాళీ చేసేస్తే సరిపోతుంది కదా?

సాగునీటి డ్యామ్ అయితే పంట అయ్యాక కొన్నాళ్లు దొరుకుతుంది. సిటీ డ్యామ్‌కి సెలవు లేదు. తూముకి రిపేర్ అంటే కొళాయిలు బంద్ అవుతాయి కాబట్టి ఆ ఫైల్ ఏళ్ల తరబడి కదలదు. రెండో సోర్స్ లేని సిటీలో డ్యామ్ ఎప్పటికీ పూర్తిగా రిపేర్ అవదు, నా అనుభవంలో అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. అందుకే ఇంకో రిజర్వాయర్ నుంచి లైన్ వెయ్యడాన్ని నేను నీటి సరఫరా పనిగా మాత్రమే చూడను, డ్యామ్ సేఫ్టీ పనిగా కూడా చూస్తాను.

ఖాళీ చెయ్యడంలో కూడా జాగ్రత్త ఉంది. మట్టం గబగబా దించితే కట్ట లోపల తడి అలాగే ఉండి బయట నీళ్ల ఆసరా పోతుంది, లోపలి వైపు వాలు జారిపోతుంది, 1981లో కాలిఫోర్నియా శాన్ లూయిస్ డ్యామ్‌లో అదే జరిగింది. రోజుకి ఎంత దించొచ్చో లెక్క ఉంటుంది, దాని ప్రకారమే పోవాలి. పైగా అడుగు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, మాంగనీసూ వాసనా ఎక్కువ, మట్టం దించితే ఫిల్టర్ ప్లాంట్ వాళ్లకి కష్టాలు మొదలవుతాయి. అందుకని డైవర్లనో నీళ్లలో తిరిగే కెమెరానో దింపి చూసి, ఆ ఒక్క తూము ముందు స్టాప్‌లాగ్ వేసి, అక్కడి వరకే పొడిగా చేసుకుని పని చేస్తారు.

పూడిక తీస్తే డ్యామ్ గట్టిపడుతుందా?

గట్టిపడదు, నీళ్లు ఎక్కువ పడతాయి, అడుగు తూము మూసుకుపోకుండా ఉంటుంది. ఆ రెండూ అవసరమే. కట్ట అడుగు పక్కనే మాత్రం తవ్వకూడదు, ఊటకి అడ్డంగా ఉన్న బంకమట్టి పొరని తీసేసినట్టవుతుంది. పైన కొండల్లో అడవి పోతే పూడిక ఒక్కసారిగా వస్తుంది, డెన్వర్ సిటీ స్ట్రాంషియా స్ప్రింగ్స్ రిజర్వాయర్‌కి 1996, 2002 కార్చిచ్చుల తర్వాత వచ్చిన బాధ అదే.

భూకంపం వస్తే?

1971 ఫిబ్రవరి 9న లాస్ ఏంజెలెస్‌లో లోయర్ శాన్ ఫెర్నాండో డ్యామ్ లోపలి వైపు కట్ట నీళ్లలోకి జారిపోయింది, నీళ్లకీ మిగిలిన కట్ట అంచుకీ మధ్య ఒకటిన్నర మీటర్లే మిగిలింది, కింద ఉన్న 80,000 మందిని ఖాళీ చేయించారు. ఆ రోజు మట్టం నిండుగా లేకపోవడమే కాపాడింది. నీళ్లతో కలిపి మట్టిని పారించి కట్టే పాత పద్ధతి కట్ట అది, అదురుకి లోపలి మట్టి చిత్తడైపోయింది. మీ డ్యామ్ ఏ పద్ధతిలో కట్టారో తెలుసుకోవడం అందుకే ముఖ్యం.

చెక్ చెయ్యాల్సింది ఎవరు, ఎంత తరచుగా?

రోజూ చూడాల్సింది అక్కడి లస్కర్ (కాపలా, గేట్ల పని చూసేవాడు), ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్). వాళ్లు కాకుండా బయటి ఇంజినీర్లు చూడటం కూడా తప్పనిసరి, రోజూ చూసే కంటికి పగులు అలవాటైపోతుంది. బ్రిటన్‌లో 1925 డోల్గారోగ్ ప్రమాదం తర్వాత 1930లో చట్టం తెచ్చారు, ఇంగ్లండ్, వేల్స్‌లో ఇప్పుడున్న 1975 చట్టం ప్రకారం ప్రమాదం ఎక్కువున్న రిజర్వాయర్లని కనీసం పదేళ్లకోసారి స్వతంత్ర ఇంజినీర్ తనిఖీ చెయ్యాలి. భారత్‌లో 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం వానాకాలం ముందూ తర్వాతా తనిఖీలు, ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్ తప్పనిసరి చేసింది. రిపోర్ట్ ఉందా అని మాత్రమే అడక్కండి, పోయినసారి రిపోర్ట్‌లో రాసిన పనుల్లో ఎన్ని పూర్తయ్యాయని అడగండి.

డ్యామ్ దిగువన ఉంటున్నాం, మేం తెలుసుకోవాల్సింది ఏంటి?

తెగితే నీళ్లు మీ వీధికి ఎంతసేపట్లో వస్తాయి, ఎంత ఎత్తున వస్తాయి, మిట్ట ప్రాంతం ఎటువైపు ఉంది. ఈ మూడూ ముంపు మ్యాప్‌లో ఉండాలి, ఆ మ్యాప్ ఆఫీస్ బీరువాలో ఉంటే దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. సైరన్ రాత్రిపూట మీ ఇంట్లోకి వినిపిస్తుందో లేదో ఒకసారి మోగించి చూపించమనండి. 2023 సెప్టెంబర్‌లో లిబియాలోని డెర్నా పైన రెండు డ్యాములు రాత్రివేళ తెగి వేలమంది పోయారు, ఆ డ్యాములకి రిపేర్లు కావాలని ముందునుంచే హెచ్చరికలున్నాయి. నది ఒడ్డున వరద దారిలో కొత్తగా ఇల్లు కట్టకండి, మీ ఒక్క ఇంటి కోసమే కాదు, కింద ఇళ్లున్నాయని డ్యామ్ వాళ్లు గేట్లు ఎత్తడానికి తటపటాయించి ఆలస్యం చేస్తారు, ఆ ఆలస్యం అందరికీ చేటు.

రిపేర్లతో సరిపెట్టాలా, కొత్తది కట్టాలా?

రెండూ జరిగాయి. న్యూయార్క్ సిటీకి నీళ్లిచ్చే గిల్బోవా డ్యామ్ 1926ది, పెద్ద వరదకి చాలినంత బలం లేదని 2005లో తేలితే మరుసటి ఏడాదే పైనుంచి రాతి పునాదిలోకి బోర్లు వేసి ఉక్కు తీగలు దించి బిగించారు, తర్వాత బరువు కూడా పెంచారు. శాన్ ఫ్రాన్సిస్కో సిటీ 1925 నాటి కాలవెరాస్ డ్యామ్‌ని భూకంప భయం వల్ల 2001 నుంచి బాగా తక్కువ మట్టంలో నడిపి, చివరికి దాని పక్కనే దిగువన కొత్త డ్యామ్ కట్టుకుంది. మధ్యలో మట్టం తగ్గించి నడపడం అనేది చాలామందికి ఓటమిలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో అది సరైన నిర్ణయం, ఖర్చు లేకుండా అదే రోజు అమలయ్యే జాగ్రత్త అదొక్కటే.

ఇప్పుడు సెన్సర్లు వచ్చేశాయి కదా, ఇంకా మనుషులు కట్ట మీద నడవాలా?

సెన్సర్లు కావాలి, రాత్రీ వానా చూడకుండా రీడింగులిస్తాయి, కాదనను. కానీ సెన్సర్ తను ఉన్నచోటే చూస్తుంది. లాస్ ఏంజెలెస్‌లోనే బాల్డ్‌విన్ హిల్స్ అని ఊరి మధ్య కొండ మీద తాగునీటి రిజర్వాయర్ ఉండేది, 1951లో పూర్తైంది, కొలిచే పరికరాలు బాగానే పెట్టారు. చమురు తీసిన ఆ చుట్టుపక్కల నేల ఏళ్ల తరబడి కుంగుతూ కదిలి అడుగు పొర పగిలింది. 1963 డిసెంబర్ 14 పొద్దున కాపలాదారు రోజూలాగే చూసుకుంటూ తిరుగుతుంటే పదకొండుంపావు ప్రాంతంలో పైపులో నీళ్ల శబ్దం ఎప్పటిలా లేదనిపించింది, వెళ్లి చూస్తే డ్రైన్లు బురద నీళ్లతో నిండుగా పారుతున్నాయి. వెంటనే పైకి చెప్పాడు, ఖాళీ చెయ్యడం మొదలుపెట్టారు, పోలీసులు కింది వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి జనాన్ని పంపించేశారు. మధ్యాహ్నం 3 గంటల 38 నిమిషాలకి కట్ట తెగింది. 277 ఇళ్లు పోయాయి. చనిపోయినవాళ్లు అయిదుగురు.